స్టాండు కాడ అన్న మాట

ఇప్పవాగు, చర్ల దారి
జూన్ నెలాఖరు

సువర్ణా,

ఫోన్లో నేను చెప్పింది సగం, నీకు వినపడింది అందులో సగం. సిగ్నల్ కోసం గుట్టెక్కి అరిచే ఓపిక నాకిక లేదు. హాస్టల్ సెలవుల్లో రాసుకున్నట్టే రాస్తున్నాను. మా పోస్టుమాస్టర్ సీతయ్యగారు కవరు చూసి ముచ్చటపడ్డారు కూడా.

సంగతి మా బండిది. నువ్వే దగ్గరుండి కొనిపించిన పాత తెల్లకారు. నా పేరు మీదే ఉంది గానీ అది ఊరి బండి అయిపోయిందని నీకు తెలుసు. తమ్ముడు వీరబాబు దాన్ని భద్రాచలం టాక్సీ స్టాండులో పెట్టి కిరాయికి నడుపుతాడు. ఊళ్లో ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరిని పాము కరిచినా దవాఖానాకు తీసుకుపోయేదీ అందులోనే.

కొన్నాళ్లుగా స్పీడుముల్లు పక్కన ఇంజిన్ బొమ్మ పసుపుపచ్చగా వెలుగుతోంది. భద్రాచలంలో ఒకాయన మిషను తగిలించి, "పి సున్నా నాలుగు ఇరవై. క్యాటలిటిక్ కన్వర్టర్ ఖతమైంది మేడం, కొత్తది ఏపియ్యాలె" అన్నాడు. బండి కిందికి వంగి చూసింది లేదు. "చూడకుండనే ఎట్ల తెలిసింది?" అంటే, "మిషనే చెప్తాంటే నేను చూసేదేంది?" అన్నాడు. ఇంకో షెడ్డుకు పోతే ఆయన మరీ ఘనుడు. దీపం మీద నల్లటేపు అతికిస్తే కనపడదట. నేను బళ్లో పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని. జ్వరం చూపిస్తోందని థర్మామీటరు పగలగొట్టమన్నట్టుంది ఆయన వైద్యం.

ఆ కన్వర్టర్ ఏమిటో, అది నిజంగా పోయిందో లేదో ఎలా తెలుసుకోవాలో నాకు అర్థమయ్యేటట్టు రాయి. సంక్రాంతి తర్వాత క్లచ్ మార్పించడానికి పాల్వంచలో మీ బలరాం అన్న షెడ్డులో వారం పెట్టాం కదా, అప్పటినుంచి బండిని ఎవరూ విప్పలేదు. ఉన్నట్టుండి ఎలా పోతుంది? నాకు తెలియదని ఎవరికి తోచింది వాళ్లు చెబుతుంటే ఒళ్లు మండుతోంది.

పుష్పలత


ఖమ్మం
జూలై మొదటివారం

పుష్పా,

నీ ఉత్తరం సర్వీస్ సెంటర్‌లో అందరి ముందూ చదువుకుని నవ్వాను. నల్లటేపు డాక్టర్లు ఇక్కడా తక్కువేం లేరు. మా షిఫ్టులో ఈ కోడ్‌తో వచ్చే బండి రోజూ ఒకటి ఉంటుంది, కాబట్టి సరైన మనిషినే అడిగావు.

కన్వర్టర్ అంటే పొగగొట్టంలో ఇంజిన్‌కు దగ్గరగా ఉండే ఉక్కు డబ్బా. లోపల తేనెపట్టులా సన్నటి రంధ్రాలున్న పింగాణీ దిమ్మ ఉంటుంది. దానికి ఖరీదైన లోహాల పూత. పొగలోని విషం ఆ రంధ్రాల్లో కాలిపోయి, మిగతా పొగ బయటికి పోతుంది. డబ్బాకు ముందొక సెన్సర్, వెనకొక సెన్సర్ ఉంటాయి. ముందు సెన్సర్ అంకె ఎప్పుడూ పైకీ కిందికీ ఎగురుతుంటుంది. డబ్బా పని చేస్తుంటే వెనకది నిలకడగా ఉంటుంది. వెనకది కూడా ముందుదాని లాగే ఎగరడం మొదలుపెట్టిందంటే, డబ్బా పని చేయడం లేదేమోనని బండి కంప్యూటర్‌కు అనుమానం వచ్చి ఆ కోడ్ పడుతుంది. అనుమానమే సుమా. కోడ్ ఫిర్యాదు మాత్రమే, తీర్పు కాదు. గొట్టంలో ఎక్కడైనా లీకున్నా, వెనక సెన్సర్ పాడైనా, ఇంజిన్ ఆయిల్ తాగుతున్నా ఇదే కోడ్ పడొచ్చు. చూడకుండా కన్వర్టర్ మార్చమన్నవాడు నిన్ను మోసం చేసినట్టే.

పార్సిల్లో చిన్న స్కానర్ పంపుతున్నాను. స్టీరింగ్ కింద గుచ్చితే అంకెలు నీ ఫోన్లో కనపడతాయి, సిగ్నల్ అక్కర్లేదు. ముందు ఇంజిన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేయించి, వెనక గొట్టానికి గుడ్డ అడ్డుపెట్టి, ఎక్కడైనా బుసబుస వినపడుతుందేమో విను. తర్వాత ఓ గంట తిప్పి, ఇంజిన్ వేడెక్కాక రెండు సెన్సర్ల అంకెలూ చూడు. డబ్బా చల్లారాక కర్రతో మెల్లగా తట్టు. లోపల దిమ్మ పగిలితే గలగలమంటుంది.

ఇంకా తేలకపోతే బలరాం అన్న దగ్గరికి పొమ్మను. నా పేరు కూడా చెప్పక్కర్లేదు. నాకు స్పానర్ పట్టడం నేర్పింది అన్నే. ఆడపిల్లకు ఆటోమొబైల్ డిప్లొమా ఏందని వైరా దగ్గర మా తండా అంతా నవ్వుతుంటే, నన్ను అక్కణ్ణుంచి తీసుకొచ్చి కాలేజీలో చేర్పించింది కూడా అన్నే. చేతిపనిలో అబద్ధం ఆడడు.

సువర్ణ


ఇప్పవాగు
జూలై

సువర్ణా,

నువ్వు చెప్పినట్టే చేశాం. ఆదివారం బడి ముందు వీరబాబు, నేను, చుట్టూ సగం ఊరు.

గుడ్డ పెట్టాం, లీకు లేదు. ఆయిల్ తగ్గడం లేదు. ముందు సెన్సర్ అంకె నువ్వన్నట్టే కోతిలా ఎగిరింది. నిలకడగా ఉండాల్సిన వెనకది కాసేపు బద్ధకంగా కదిలి, వీరబాబు ఆక్సిలేటర్ తొక్కిపట్టేసరికి అదీ ఎగరసాగింది. డబ్బాను తడితే గలగల లేదు. ఖాళీ నూనెడబ్బాలా టంగుమంది. ఇంకో రెండు సంగతులు. డబ్బా నడుం చుట్టూ వెల్డింగ్ గీత ఉంది. రెండోది, ముందు సెన్సర్ గొట్టానికి ఆనుకుని ఉంటే, వెనకది మాత్రం పొడవాటి నట్టు ఒకటి అడ్డుపెట్టి దాని మీద బిగించినట్టు పైకి లేచి ఉంది. "కంపెనీ నుంచే గట్ల వచ్చిందేమో" అంటాడు వీరబాబు. అవునా?

వీరబాబు మీ అన్న దగ్గరికి కూడా పోయాడు. నీకు కోపమొచ్చినా రాయక తప్పదు. మీ అన్న బండి కిందికి చూడనే లేదట. "మీ దిక్కు సీసాల పెట్రోల్ పోస్తరు. కల్తీది. దాంతోనే ఖరాబైంది" అన్నాడట. మేం సారపాక బంకులో తప్ప ఎక్కడా పోయించం. మొన్న పొల్యూషన్ చూసేవాడూ అదే పాట. బండి పరీక్షలో తప్పితే, "అడివి రోడ్లల్ల తిప్పి బండిని సంపిండ్రు" అన్నాడు. మా ఇంటి వెనక కన్నమ్మకు ఇప్పుడు ఏడోనెల. చూపించుకురావడానికి తీసుకుపోతే, ఆ ఘాటు వాసనకు దుమ్ముగూడెం దాటకముందే రెండుసార్లు వాంతి చేసుకుంది. దానికీ మా అడివే కారణమంటారు కాబోలు. రోడ్డు పాడైతే మేమే, పెట్రోలు పాడైతే మేమే, బండి పాడైతే మేమే. ఇక్కడ పుట్టడమే ఒక రిపేరు అన్నట్టు మాట్లాడతారు.

ఆ నట్టు ఏమిటో వెంటనే రాయి.

పుష్పలత


ఖమ్మం
జూలై

పుష్పా,

ఆ నట్టు ముట్టుకోకండి. డబ్బాను విప్పకండి, తట్టకండి. బండిని ఏ షెడ్డుకూ పంపొద్దు. మా అన్న దగ్గరికి కూడా వద్దు.

క్లచ్ పనికి ముందుగానీ తర్వాతగానీ బండి కింద ఇంకెవరైనా చెయ్యి పెట్టారా? వీరబాబును బాగా గుర్తు చేసుకోమను. నాకు సెలవు దొరకగానే నేనే వస్తాను.

సువర్ణ


ఇప్పవాగు
ఆగస్టు

సువర్ణా,

నాలుగు ముక్కల ఉత్తరం రాసి ఊరుకున్నావు. ఆ నట్టు ఏమిటని అడిగితే జవాబు లేదు. మీ అన్న దగ్గరికి ఎందుకు పోవద్దో లేదు. నువ్వు ఇలా ముక్కలుగా రాసేది ఏదైనా దాచేటప్పుడే. హాస్టల్లో మూడేళ్లు ఒకే గదిలో ఉన్నాం, నాకు తెలియదా?

నేనూ ఒకటి దాచాను. మీ అన్న విషయమని, నీకెలా రాయాలో తెలియక ఊరుకున్నాను. ఇక ఊరుకోను.

బండి నీ దగ్గరనుంచి వచ్చాక ఎవరూ ముట్టలేదు, మీ అన్న షెడ్డులో తప్ప. వీరబాబు అదే మాట ఫోన్లో మీ అన్నను అడిగాడు. గొడవపడలేదు, "మీ కాడ ఏమన్న విప్పిండ్రా అన్నా?" అన్నాడు, అంతే. మర్నాడు మీ అన్న ఏదో బండి పనిమీద భద్రాచలం వచ్చాడు. తిన్నగా టాక్సీ స్టాండుకు పోయి, డ్రైవర్లందరూ ఛాయ్ తాగుతున్నచోట వీరబాబు చొక్కా పట్టుకున్నాడు. "అక్క బండి పొగడబ్బాల మాల్ కోసి స్క్రాపోనికి అమ్ముకున్నవ్. ఇప్పుడు నా మీద పెడ్తున్నవారా? అడివిల దొంగతనం మరిగినోనికి బండెందుకు?" అన్నాడు. బలరాం మేస్త్రీ అంటే ఈ దారిలో ఎంత పేరుందో నీకు నేను చెప్పాలా? ఒక్కరూ నోరు తెరవలేదు. స్టాండు పెద్ద సమ్మయ్య మాత్రం సాయంత్రం వీరబాబును పక్కకు పిలిచి, "కొన్నొద్దులు బండి ఈడ పెట్టకురా తమ్మి" అన్నాడట.

ఇంటికొచ్చాక మా నాయిన కూడా ఒక్కసారి అడిగాడు. "నిజంగ నీకు తెల్వదా బిడ్డా?" అని. వీరబాబు "తెల్వదు నాయినా" అని, తాళంచెవి ఆయన చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఇప్పుడు కాగితం మిల్లుకు పోయే జామాయిల్ తోటల్లో నరకడానికి కూలికి పోతున్నాడు. బండి వాకిట్లో ఉంది. మా ఊళ్లో ఇంకెవరికీ దాన్ని నడపడం రాదు.

పోయిన గురువారం కన్నమ్మకు నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. ఆటోలో పడుకోబెట్టి తీసుకుపోతుంటే దారిలోనే, వెదురు లారీల మధ్య, రెండు చీరలు అడ్డుపట్టుకుని కాన్పు చేశాం. తల్లీ బిడ్డా బతికారు. బతక్కపోతే ఎవరిని అడగాలి? వాకిట్లో బండి పెట్టుకుని ఆటో కోసం పరుగెత్తాను సువర్ణా. అడగాల్సింది మీ అన్నను.

ఇది చదివి నాతో మాట్లాడకపోయినా సరే. నా తమ్ముడు దొంగ కాడు.

పుష్పలత


ఖమ్మం
ఆగస్టు నెలాఖరు

పుష్పా,

మొన్న మీ ఊరొచ్చి బండి కింద పడుకున్నప్పుడు నీకేమీ చెప్పకుండా వచ్చేశాను. నువ్వు ఛాయ్ ఇచ్చావు, తాగలేకపోయాను. వీరబాబు పక్కనే నిలబడి నా వంక చూడకుండా టార్చి పట్టాడు. ఆ టార్చి వెలుగులో చూసిందంతా ఇప్పుడు రాస్తాను.

ఆ పొడవాటి నట్టు సంగతి నీ మొదటి వర్ణనలోనే తెలిసింది నాకు. సెన్సర్‌కు పొగ సరిగ్గా తగలకుండా దూరం జరపడానికి పెడతారు. డబ్బా పని చేయకపోయినా కంప్యూటర్ కొన్నాళ్లు మోసపోతుంది. కొన్ని నెలలు మోసపోయి, తర్వాత పట్టుకుంది. తెలియకుండా ఎవరూ ఆ నట్టు పెట్టరు. డబ్బా ఖాళీ అని తెలిసినవాడే పెడతాడు. అందుకే ముక్కలుగా రాశాను. కళ్లతో చూడకుండా సొంత అన్నను అనలేకపోయాను.

సెన్సర్ తీసి ఆ రంధ్రంలోంచి కెమెరా తీగ పంపాను కదా. తేనెపట్టు ఉండాల్సిన చోట ఏమీ లేదు, ఉత్త గొట్టం. డబ్బాను నడుముకాడ కోసి, దిమ్మ తీసేసి, మళ్లీ అతికారు. ఆ పూతలోని లోహాలకు స్క్రాపువాళ్లు మంచి డబ్బిస్తారు. ఆ అతుకు ఎవరిదో నాకు తెలుసు పుష్పా. చివర్లో చిన్నగా వెనక్కి తిప్పి ఆపడం అన్న అలవాటు. నాకూ అలాగే నేర్పాడు.

నీ దగ్గరనుంచి నేరుగా పాల్వంచ షెడ్డుకు పోయాను. ఫొటోలు ముందు పెట్టాను. మొదట కల్తీ పెట్రోలు అన్నాడు. తర్వాత వీరబాబు అన్నాడు. "ఈ అతుకు ఎవరిదే అన్నా?" అన్నాను. ఒక్కో వేలూ గుడ్డతో తుడుచుకున్నాడు. చివరికి, "అడివి దిక్కు బండ్లే తీసిన. ఆడ పొగ ఎవడు చూస్తడు? గా దిమ్మ లేకున్నా బండి నడుస్తది. ఆళ్లకేం లుక్సాను?" అన్నాడు.

బండ్లు అన్నాడు. ఒక బండి కాదు.

నాకు ఒళ్లు తెలియలేదు. "కన్నమ్మను అడుగు లుక్సానేందో" అన్నాను. కన్నమ్మ ఎవరో ఆయనకు తెలియదు. "మరి వీరబాబునెందుకు దొంగన్నవ్?" అంటే, "ఆడు ఫోన్ చేసి అడుగుతాంటే నలుగురికి తెలుస్తదని భయమైంది. నేను ముందుగాల అంటే ఆడి మాట ఎవరు నమ్ముతరు?" అన్నాడు. దొంగతనానికైనా ఏదో ఒక సాకు చెప్పుకోవచ్చు. వాడి మాట ఎవరూ నమ్మరని లెక్కేసుకుని, వాడి నోరు ముందే మూయడానికి పోయాడే, అది నాకు మింగుడుపడడం లేదు. నా పేరు చూసి నువ్వు ఆ షెడ్డుకు పంపావు. నా పేరును కూడా కోసి అమ్ముకున్నాడు.

ఫొటోలన్నీ నీకు పంపుతున్నాను. పోలీసులకు ఫిర్యాదు ఇవ్వు. సాక్షిగా నా పేరు రాయి. మా నాయనకు నేనే చెప్పాను. ఈ భద్రునాయక్ ఇంట్లో ఇలాంటిది వినాల్సి వస్తుందనుకోలేదని మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. అమ్మ నాతో మాట్లాడడం మానేసింది.

సువర్ణ


ఇప్పవాగు
అక్టోబర్

సువర్ణా,

నా కోపంలో నీకూ నాలుగు దెబ్బలు తగిలాయి. వాటిని వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా కోపం అలాగే ఉంది.

ఫిర్యాదు ఇచ్చాను. పోలీసులు షెడ్డుకు పోయి వచ్చాక, పోయిన వారం మీ నాయన మీ అన్నను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆయన చేతిలో గోనెసంచీలో కొత్త కన్వర్టర్ ఉంది. ఆ వయసులో బస్టాపు నుంచి తనే మోసుకొచ్చాడు, కొడుకును ముట్టనివ్వలేదు. మా నాయిన మంచం వాల్చాడు. మీ అన్న తలెత్తకుండా, "తప్పయింది, మాఫ్ జెయ్యుండ్రి" అన్నాడు. ఊరివాళ్లు మెత్తబడ్డారు. నేనూ, నిజం చెప్పొద్దూ, మీ నాయన ముఖం చూసి కొంచెం మెత్తబడ్డాను.

వీరబాబు మెత్తబడలేదు. వాడు అప్పుడే తోటనుంచి వచ్చాడు, ఒంటినిండా జామాయిల్ పొట్టు. "గీ ఊర్ల నన్ను అడిగింది మా నాయిన ఒక్కడే. ఆయనకు జవాబు చెప్పిన. నువ్వు నన్ను దొంగన్నది స్టాండు కాడ. ఆడ చెప్పు" అన్నాడు.

మీ అన్న "ఆడెందుకు తమ్మి, అయిపాయె గదా" అన్నాడు. మీ నాయన లేచి నిలబడి, "పా" అన్నాడు. అంతే.

అందరం ఆటోల్లో పోయాం. స్టాండులో ఛాయ్ వేళ. మీ అన్న నడిమధ్య నిలబడి గొణిగాడు. "ఇనవడ్తలేదు" అన్నాడు వీరబాబు. మళ్లీ గొణిగాడు. "ఆ రోజు గట్టిగనే అన్నవ్ గదన్నా" అన్నాడు వీరబాబు. అప్పుడు మీ అన్న గొంతు పెంచి, "వీరబాబు బండిల మాల్ నేనే కోసి తీసిన. ఆయనకేం తెల్వది. నేను దొంగతనం జేసి ఆయన్ని దొంగ అన్న" అన్నాడు.

తర్వాత జరిగింది నేను జన్మలో మరిచిపోను. ఎవరూ తిట్టలేదు, మీద పడలేదు. సమ్మయ్య చేతిలో ఛాయ్ గ్లాసు కింద పెట్టి, "నా బండి బ్రేకుల పని నీ కాడనే జేపిచ్చిన" అన్నాడు. పోయి తన కారు పక్కన నేల మీద పడుకున్నాడు. తల లోపలికి పెట్టి చూశాడు. కాసేపటికి లోపల్నుంచే, "నాదానికి గూడ గా నట్టుంది" అన్నాడు. అది విని ఇంకొకాయన పడుకున్నాడు. ఆ తర్వాత ఇంకొకాయన. చూస్తుండగానే స్టాండంతా కార్ల కింద మనుషులే, చెప్పుల కాళ్లు మాత్రం బయటికి కనపడుతున్నాయి. మీ అన్న ఒక్కడే నిలబడి ఉన్నాడు. మీ నాయన రోడ్డు వైపు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నాడు.

సమ్మయ్య లేచి మట్టి దులుపుకుంటూ వీరబాబు దగ్గరికి వచ్చాడు. "రేపట్నుంచి నీ జాగల నీ బండి పెట్టుకోరా" అన్నాడు. వీరబాబు "చూస్తా" అన్నాడు. మూడురోజులు పోలేదు. కావాలనే పోలేదు. నాలుగోరోజు పోయాడు. కొత్త కన్వర్టర్ మేం వేయించాం, ఆ నట్టు తీయించాం. వెనక సెన్సర్ అంకె ఇప్పుడు పడుకున్న పిల్లిలా ఉంది.

ఇదంతా రాసి ఉత్తరం ముగించాల్సింది. కానీ నిన్న మీ అమ్మ మోతీ వచ్చింది. ఒక్కతే, మూడు బస్సులు మారి. రాజీ కాగితం రాయించుకుని తెచ్చింది. నేను సంతకం పెడితే కేసు పోతుందని ఎవరో చెప్పారట. "గాడు ఆడ అందరి ముంగట ఒప్పుకున్నడు గద బిడ్డా, ఇంకేం గావాలె? వాని పిల్లల ముఖం చూడు" అంది. నన్ను దబాయించి అడిగి ఉంటే పంపించేసేదాన్ని. నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. హాస్టల్లో మనకు జొన్నరొట్టెలు కట్టి పంపిన చెయ్యి అది. అన్నం పెట్టి, వారం గడువు అడిగి పంపాను.

వీరబాబును అడిగితే, "నాకు కావాల్సింది నాకొచ్చింది. మిగతాది నీ ఇష్టం అక్కా" అన్నాడు. నాకేమో, పెట్టకపోతే మీ అమ్మ ముఖం, పెడితే ఆ కార్ల కింది కాళ్లు కనపడుతున్నాయి. నాకు తెలియడం లేదు. నువ్వు పెట్టమంటే పెడతాను. వాడు నీ అన్న. ఈ ఒక్కదానికీ నీ మాటే నా మాట.

పుష్పలత


ఖమ్మం
అక్టోబర్

పుష్పా,

సంతకం పెట్టకు.

నీ ఉత్తరం అందిన రాత్రే రాయలేదు. కోపంలో రాశానని నువ్వు అనుకోకూడదని రెండు రోజులు ఆగాను. ఇప్పుడూ అదే రాస్తున్నాను.

అన్న ఒప్పుకున్నాడని అమ్మ అంటోంది. వీరబాబు నిలబెట్టి అడిగితే ఒప్పుకున్నాడు. సమ్మయ్యను దగ్గరికి పిలిచి, నీ బండిలోదీ నేనే తీశానని చెప్పలేదు. ఆయన నేల మీద పడుకుని చూసుకోవాల్సి వచ్చింది. అక్కడ పడుకున్నవాళ్లు కాక, పడుకుని చూసుకోవాలని కూడా తెలియనివాళ్లు ఇంకెందరున్నారో. వెంకటాపురం దిక్కు సైదమ్మ అని ఒకామె, భర్త పోయాక ఆయన కారు కిరాయికి తిప్పిస్తోంది, మొన్న ఇదే కోడ్‌తో మా సెంటర్‌కు వచ్చింది. కల్తీ పెట్రోలు పోయించాడని డ్రైవర్‌ను పనిలోంచి తీసేసిందట. బండి లేపి చూశాను. అదే నట్టు, అదే అతుకు. ఆ డ్రైవర్‌ను వెతికించి మళ్లీ పనికి పిలిపించింది. వచ్చాడో లేదో తెలియదు. నువ్వు సంతకం పెడితే ఇది మీ ఇంటికీ మా ఇంటికీ మధ్య గొడవై తీరిపోతుంది. ఇది మన రెండిళ్ల గొడవ కాదు. అడివివాళ్లను ఎవరడుగుతారులే అనుకున్నవాడికి, అడుగుతారని తెలియాలి.

అమ్మ చేతి రొట్టె నీకంటే నేనే ఎక్కువ తిన్నాను. అన్న చేతి చదువు నేనొక్కదాన్నే తిన్నాను. అందుకే అన్నకు వకీలును నేనే మాట్లాడాను. మంచాయన, అబద్ధాలు చెప్పించడు. వదినకూ పిల్లలకూ కావాల్సింది నేను చూసుకుంటాను. అన్నను చూడ్డానికి షెడ్డుకు పోతే, "నువ్వే పట్టించి, నువ్వే వకీలును పెడ్తవా?" అన్నాడు. "అవ్" అన్నాను. టిఫిన్ డబ్బా మాత్రం తీసుకున్నాడు.

అమ్మకు ఇవన్నీ చెప్పాను. అన్నీ విని, పొయ్యి దగ్గరనుంచి తిరగకుండానే, "ఎప్పుడట వాయిదా?" అంది. రెండు నెలల తర్వాత ఆమె నాతో అన్న మొదటి మాట అది.

వచ్చే మంగళవారం. నేను ముందురోజే తండాకు పోయి ఉంటాను. వీలైతే వీరబాబును బండి తెమ్మను, అందరం దాంట్లోనే కోర్టుకు పోదాం. అమ్మ ఎక్కుతుందో ఎక్కదో నాకు తెలియదు. వెనక సీటులో ఒక మనిషికి చోటు ఉంచమను.

సువర్ణ